స్వచ్ఛంద శ్రమకు క్యాలెండరు: తెలుగు తెర వెనుక చరిత్ర

5.0 పరిచయం

ఈ బ్లాకులోని గత యూనిట్లలో మీరు గ్రంథాలయోద్యమం గురించి, పత్రికల గురించి, మాతృభాషలో విజ్ఞాన ప్రచారం కోసం పనిచేసిన సంస్థల గురించి చదివారు. ఈ యూనిట్ కూడా ఆ వరుసలోనిదే. అయితే ఇందులో కనిపించే పాఠకుడు పుస్తకం పట్టుకుని కూర్చోలేదు, కంప్యూటరు తెర ముందు కూర్చున్నాడు. ఆ తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో రెండు బొత్తాలు ఉంటాయి. ఒకదాని మీద 'సరే' అని, రెండవదాని మీద 'రద్దుచేయి' అని రాసి ఉంటుంది. ఆ 'రద్దుచేయి' అనే మాటను అక్కడ ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వారికి జీతం ఎవరిచ్చారు? చాలా సందర్భాల్లో మూడవ ప్రశ్నకు జవాబు: ఎవరూ ఇవ్వలేదు.

జీతం లేకుండా చేసిన పని గురించి చరిత్రకారులు రాసేటప్పుడు త్యాగం, సేవ, అభిమానం అనే మాటలతో సరిపెట్టడం మనకు అలవాటు. అవి అబద్ధాలు కావు గానీ వాటితో చరిత్ర తెలియదు. ఎవరు ఏ వారం ఏ పని చేశారు, దాన్ని ఎవరు సరిచూశారు, ఎక్కడ ఆగిపోయింది అనేవి తెలియాలి. ఓపెన్ సోర్స్ యూజర్ ఇంటర్ఫేస్ ఫ్రేమ్‌వర్కుల్లో స్వచ్ఛంద శ్రమకు ప్రణాళిక ఎలా ఏర్పడింది, ఆ ప్రణాళికలోకి తెలుగువారు ఎలా ప్రవేశించారు అనేవి ఈ యూనిట్ విషయం. కంప్యూటర్ సైన్సు పరిచయం లేని విద్యార్థులు భయపడనవసరం లేదు. కావలసిన మాటలు ఎక్కడికక్కడ వివరిస్తాను.

5.1 ఫ్రేమ్‌వర్కు అంటే ఏమిటి, దాని కోసం తగువు ఎందుకు వచ్చింది

ఇల్లు కట్టే ప్రతివాడూ ఇటుకలు తానే కాల్చుకోడు, తలుపులు తానే చెక్కుకోడు. సాఫ్ట్‌వేర్ రాసేవారు కూడా అంతే. బొత్తం, మెనూ, కిటికీ, జరుపుపట్టీ వంటి వాటిని ప్రతిసారీ కొత్తగా తయారు చేసుకోకుండా, ముందే తయారై ఉన్న సామగ్రిని వాడుకుంటారు. ఈ సామగ్రి మొత్తాన్ని టూల్‌కిట్ అనీ, ఇంకా విస్తారంగా ఉంటే ఫ్రేమ్‌వర్కు అనీ అంటారు. దాని మూలపాఠాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అనే లైసెన్సు ఉంటే అది ఓపెన్ సోర్స్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ఇదే భావనకు 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' అని పేరు పెట్టాడు. రెండు పేర్ల మధ్య సిద్ధాంత భేదం ఉంది. ఈ యూనిట్‌కు సంబంధించినంత వరకు దాన్ని పక్కన పెడదాం.

1991లో లినక్స్ వచ్చింది. అది యంత్రాన్ని నడిపే కేంద్ర భాగం మాత్రమే. సామాన్యుడు వాడదగిన తెర దానికి లేదు. 1996 అక్టోబరులో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిక్, అటువంటి తెరను కలిసి నిర్మిద్దాం రమ్మని పిలుపునిచ్చాడు. ఆ ప్రాజెక్టు పేరు కేడీఈ. దానికి పునాదిగా నార్వే కంపెనీ ట్రోల్‌టెక్ తయారు చేసిన క్యూటీ అనే టూల్‌కిట్‌ను ఎంచుకున్నారు. క్యూటీ నాణ్యమైనదే గానీ అప్పటికి దాని లైసెన్సు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వచనానికి సరిపోలేదు. పునాది ఒక కంపెనీ చేతిలో ఉంటే దాని మీద వేలాది మంది ఉచితంగా చేసే శ్రమ ఏమవుతుంది? ఈ ప్రశ్న నుంచే 1997 ఆగస్టులో మెక్సికోకు చెందిన మిగెల్ దె ఇకాజా, ఫెడెరికో మెనా గ్నోమ్ ప్రాజెక్టును మొదలుపెట్టారు. వారు ఎంచుకున్న టూల్‌కిట్ జీటీకే. బర్క్‌లీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ బొమ్మలు దిద్దే గింప్ అనే ప్రోగ్రాము కోసం రాసుకున్న సామగ్రి అది. 2000 సెప్టెంబరులో క్యూటీ కూడా గ్నూ జీపీఎల్ లైసెన్సు కిందికి వచ్చింది. అప్పటికి రెండు శిబిరాలు స్థిరపడిపోయాయి.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. స్వచ్ఛంద కార్యకర్త తన పనికి డబ్బు అడగడు గానీ, ఆ పని ఎవరి సొత్తు అవుతుందో తప్పక అడుగుతాడు. ప్రణాళిక అనే మాట వినపడకముందే ఈ ప్రశ్నకు జవాబు స్పష్టంగా ఉండాలి. చందాలతో నడిచిన మన గ్రంథాలయాల నిబంధనావళుల్లో పుస్తకాలు ఎవరి పేరున ఉండాలనే విషయం మీద ఎంత శ్రద్ధ కనిపిస్తుందో చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

5.2 ఆరు నెలల క్యాలెండరు

తొలి ఏళ్లలో ఈ ప్రాజెక్టుల పని 'అయినప్పుడు అవుతుంది' అన్న పద్ధతిలో సాగింది. అనుకున్న హంగులన్నీ పూర్తయ్యాకే కొత్త కూర్పు విడుదల చేసేవారు. జీతానికి పనిచేసేవారికైతే యజమాని గడువు పెట్టగలడు. ఇక్కడ యజమాని లేడు. ఒకరి పని కోసం ఇంకొకరు, వారి కోసం మరొకరు ఆగి, విడుదల నెలల తరబడి జరిగిపోయేది. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వెలువరించిన 'ది మిథికల్ మ్యాన్ మంత్' అనే పుస్తకంలో, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను అదనంగా చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని వాదించాడు. కొత్తవారికి పని నేర్పడానికి పాతవారి సమయం ఖర్చవుతుంది, ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన అవసరమూ పెరుగుతుంది. ఆయన రాసింది జీతగాళ్ల గురించి. ఎప్పుడు వస్తారో, ఎప్పుడు మానేస్తారో తెలియని స్వచ్ఛంద కార్యకర్తల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

గ్నోమ్ 2.0 2002 జూన్‌లో విడుదలైంది. ఆ తరువాత గ్నోమ్ వారు పద్ధతిని తలకిందులు చేశారు. హంగులను బట్టి తేదీ నిర్ణయించడం మాని, ముందు తేదీని నిర్ణయించారు. ఆరు నెలలకొక విడుదల: మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. ఆ తేదీకి సిద్ధమైన పని విడుదలలో చేరుతుంది, సిద్ధం కానిది తరువాతి బండి ఎక్కుతుంది. ఊరి బస్సుతో పోలిస్తే సులభంగా అర్థమవుతుంది. బస్సు ఒక ప్రయాణికుడి కోసం ఆగదు, కానీ సాయంత్రం మళ్లీ వస్తుందని అందరికీ తెలుసు. ఆ నమ్మకం వల్ల తొందరపడి సగం పని దూర్చవలసిన అవసరం తగ్గింది.

ఈ ఆరు నెలల్లో దశలవారీగా తలుపులు మూస్తారు. ముందు కొత్త హంగులు చేర్చడం ఆపుతారు. తరువాత తెర రూపురేఖలు మార్చడం ఆపుతారు. విడుదలకు కొన్ని వారాల ముందు తెర మీద కనిపించే మాటలను మార్చడం కూడా ఆపేస్తారు. దీన్ని 'స్ట్రింగ్ ఫ్రీజ్' అంటారు. మనం పాఠ్య స్తంభన అనవచ్చు. ఆ తరువాత ఒక్క మాట మార్చాలన్నా అనువాద బృందాల అనుమతి కావాలి. నా దృష్టిలో స్వచ్ఛంద శ్రమ చరిత్రలో ఈ నిబంధన చాలా విలువైనది. ప్రోగ్రాము రాసేవాడు సాధారణంగా తన పనినే పెద్దదిగా భావిస్తాడు. ఎక్కడో వేల మైళ్ల దూరంలో తన భాషలోకి ఆ మాటలను మార్చుకుంటున్న అనామకుడి సాయంత్రాలకు కూడా విలువ ఉందని రాతపూర్వకంగా ఒప్పుకున్న నియమం అది.

ఎవరు వస్తున్నారో కాకుండా ఎవరు రావడం లేదో చూడటం కూడా ప్రణాళికలో భాగమైంది. 2006లో గూగుల్ వేసవి కార్యక్రమం కింద గ్నోమ్‌లో పనిచేయడానికి 181 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఒక్క మహిళ కూడా లేదు. ఆ అంకెను చూసి గ్నోమ్ వారు అదే ఏడాది మహిళల కోసం ప్రత్యేక వేసవి కార్యక్రమం నడిపారు. తలుపు తెరిచి ఉంచితే చాలు, అందరూ వస్తారు అనే నమ్మకం ఎంత బలహీనమైనదో ఆ సున్నా చెప్పింది. అదే ప్రయత్నం తరువాతి కాలంలో అవుట్‌రీచీ అనే పేరుతో ఇతర ప్రాజెక్టులకూ విస్తరించింది.

5.3 తెలుగు ఎలా ప్రవేశించింది

తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. కానీ సంకేత సంఖ్య ఉన్నంత మాత్రాన అక్షరం తెర మీద నిలబడదు. 'స్త్రీ' అనే మాటలో స, త, ర, ఈకారం కలిసి ఒక రూపం ధరించాలి. ఒత్తులు కిందికి, గుడులు పైకి చేరాలి. ఈ కూర్పు పని చేసే యంత్రాంగం టూల్‌కిట్‌లోనే ఉండాలి. 2002 మార్చిలో వచ్చిన జీటీకే 2.0 యూనికోడ్‌ను పూర్తిగా స్వీకరించి, అక్షరాల కూర్పును పాంగో అనే గ్రంథాలయానికి అప్పగించింది. ఆ పేరులో సగం గ్రీకు, సగం జపనీసు. 'అన్ని భాషలు' అని అర్థం. తెలుగు మెనూ అనేది సాధ్యమైన విషయంగా మారింది ఆ తరువాతనే. అక్షరరూపాల విషయంలో కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా అందించిన పోతన, వేమన ఫాంట్లు, తరువాత రెడ్ హ్యాట్ కంపెనీ విడుదల చేసిన లోహిత్ ఫాంట్లు ఆధారమయ్యాయి. అదే కాలంలో మన ముద్రణాలయాలు యూనికోడ్‌కు సంబంధం లేని పాత ఫాంట్లతోనే నడుస్తున్నాయని గుర్తుంచుకోండి. ముద్రణ ప్రపంచం కంటే స్వచ్ఛంద కార్యకర్తలు ముందు నడిచిన అరుదైన సందర్భం ఇది.

ఇక అనువాదం. ప్రోగ్రాములో ఆంగ్లంలో రాసిన ప్రతి మాటనూ విడదీసి ఒక జాబితాగా తయారుచేసే గెట్‌టెక్స్ట్ అనే పనిముట్టును గ్నూ ప్రాజెక్టు 1995లో అందించింది. ఆ జాబితాలో పైన ఆంగ్ల వాక్యం, కింద ఖాళీ వరుస ఉంటాయి. ఖాళీని మీ భాషలో నింపాలి. ఇటువంటి ఫైలును పీవో ఫైలు అంటారు. దీని గొప్పతనం ఏమిటంటే, ప్రోగ్రామింగ్ ఒక్క అక్షరం రాకపోయినా భాష తెలిసినవారు ఫ్రేమ్‌వర్కు నిర్మాణంలో భాగస్వాములు కావచ్చు.

చరిత్ర విద్యార్థిగా మీకు ఆసక్తి కలిగించే విషయం ఆ ఫైలు తలభాగంలో ఉంటుంది. తాళపత్ర గ్రంథాల చివర లేఖకుడు తన పేరు, ఊరు, రాసిన సంవత్సరం చెప్పుకోవడం మీరు విన్నారు కదా. పీవో ఫైలులో అదే పని తలభాగంలో జరుగుతుంది. చివరిసారి దిద్దినవారి పేరు, తేదీ, బృందం పేరు అక్కడ నమోదవుతాయి. గ్నోమ్ తెలుగు ఫైళ్లను వరుసగా చూస్తే 2000 దశకం మధ్యలో ప్రజాశక్తి స్థానికీకరణ బృందం పేరు కనిపిస్తుంది. ఒక దినపత్రికకు అనుబంధమైన బృందం అది. తరువాత హైదరాబాదు కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ బృందం పేరు కనిపిస్తుంది. మధ్యలో రెడ్ హ్యాట్ ఉద్యోగుల పేర్లూ ఉంటాయి. పత్రికా కార్యకర్తలు, ఇంజనీరింగ్ విద్యార్థులు, కంపెనీ జీతగాళ్లు ఒకే ఫైలులో పొరలు పొరలుగా ఉన్నారు. కాబట్టి 'పూర్తిగా స్వచ్ఛందం' అనే మాటను జాగ్రత్తగా వాడండి. జీతపు పని, ఉచిత పని ఇక్కడ కలగలిసే సాగాయి.

స్వేచ్ఛ బృందం ఇంజనీరింగ్ కళాశాలల్లో గ్నూ లినక్స్ వినియోగదారుల బృందాలను ఏర్పరచి, శిబిరాల ద్వారా విద్యార్థులను అనువాదంలోకి తెచ్చింది. పిల్లల కోసం బాల స్వేచ్ఛ అనే కూర్పునూ తయారుచేసింది. తరగతి గదిలో 'సాఫ్ట్‌వేర్' అంటే ఉద్యోగం అని మాత్రమే తెలిసిన కుర్రవాడికి, అది తన అమ్మమ్మ భాషలో కూడా ఉండవచ్చు అని తెలియడం చిన్న విషయం కాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
అ) తేదీని ముందు నిర్ణయించి విడుదల చేసే పద్ధతి స్వచ్ఛంద కార్యకర్తలకు ఎందుకు అనుకూలం?
ఆ) పీవో ఫైలు తలభాగాన్ని చారిత్రక ఆధారంగా వాడుకునేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరం?

5.4 'అ' దగ్గర ఆగిన సర్వస్వం

ఇక్కడ నూరేళ్లు వెనక్కి వెళ్లి ఒక పోలిక చూద్దాం. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనకు ముఖ్య కారకుడు. మండలి చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి విషయాల మీద తెలుగులో పుస్తకాలు తెచ్చింది. ఒక్కొక్క పుస్తకం ఒక్కొక్క రచయిత పూర్తి చేయగల పరిమాణంలో ఉండేది. చందాదారులకు ఒకటి అందాక ఇంకొకటి వచ్చేది. ఆ పద్ధతి నిలిచింది.

ఆ తరువాత ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. అది అకారాది క్రమంలో సాగవలసిన గ్రంథం. పండితులు చాలామంది సహకరించారు. వ్యాసాల నాణ్యత నేటికీ మెచ్చదగినది. కానీ 1923లో లక్ష్మణరావు మరణించేనాటికి వెలువడిన మూడు సంపుటాలూ 'అ' అక్షరం లోపలివే. ఒక్క మనిషి పోవడంతో ఆ క్రమం ఆగింది. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పూనుకోవలసి వచ్చింది.

లోపం పాండిత్యంలో లేదు, ఉత్సాహంలో అంతకన్నా లేదు. అకారాది క్రమం ఎంచుకోవడమే స్వచ్ఛంద శ్రమకు పొసగని ప్రణాళిక అని నేను భావిస్తాను. వర్ణమాల చివరికి చేరేదాకా పాఠకుడికి పూర్తి ప్రయోజనం ఉండదు. 'అ' మీద పదేళ్లు వెచ్చిస్తే 'నీరు' గురించి తెలుసుకోవాలనుకునే రైతుకు ఏమీ మిగలదు. గ్రంథమండలి పద్ధతిలో ఎక్కడ ఆగినా, అంతవరకు జరిగింది పనికి వస్తుంది.

తెర అనువాదంలోనూ ఇదే ఎంపిక ఎదురవుతుంది. వేలాది వాక్యాలున్న జాబితాను మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నింపుకుంటూ పోవచ్చు. లేదా మనుషులు రోజూ చూసే భాగాలను ముందు తీసుకోవచ్చు: లాగిన్ తెర, దస్త్రాల నిర్వహణ, అమరికలు, ముద్రణ పెట్టె. గ్నోమ్ వారు 80 శాతం వాక్యాలు అనువాదమైన భాషలను మద్దతు ఉన్న భాషలుగా విడుదల ప్రకటనల్లో చూపేవారు. 2000 దశకం చివరలో తెలుగు ఆ గీత దాటింది. గర్వించదగిన విషయమే. అయితే శాతం ఒక మోసకారి కొలబద్ద. ఎవరూ తెరవని పనిముట్టులోని 200 వాక్యాలు, ప్రతివారూ చూసే మెనూలోని 200 వాక్యాలు లెక్కలో సమానం. గ్నోమ్ వారు తమ అనువాద గణాంకాల వ్యవస్థకు 'డామ్డ్ లైస్' అని పేరు పెట్టుకున్నారంటే, ఈ సంగతి వారికీ తెలుసన్నమాట.

ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. అచ్చయిన సర్వస్వం అలాగే ఉంటుంది. తెర అనువాదం ఉండదు. ఆంగ్ల వాక్యంలో ఒక మాట మారితే గెట్‌టెక్స్ట్ పాత అనువాదానికి 'ఫజీ' అనే గుర్తు వేస్తుంది. అంటే సందేహాస్పదం అని. ఎవరైనా సరిచూసి ఆ గుర్తు తీసేదాకా తెర మీద మళ్లీ ఆంగ్లమే కనిపిస్తుంది. ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా, కేవలం కాలం గడవడం వల్లనే అనువాదం కరిగిపోతుంది. చెరువు తవ్వడం ఒక పని, ఏటా పూడిక తీయడం మరొక పని. రెండవదానికి మనుషులను పోగుచేయడం ఎప్పుడూ కష్టమే.

5.5 దస్త్రం ఎవరి మాట?

కామారెడ్డి జిల్లా పడమటి అంచున డోంగ్లి ఉంది. ఒకప్పుడు మద్నూర్ మండలంలోని గ్రామం. 2022లో ప్రత్యేక మండలమైంది. మద్నూర్ నుంచి దెగ్లూర్ దారి పడితే మహారాష్ట్ర వస్తుంది, కర్ణాటక కూడా దగ్గరే. ఆ ప్రాంతంలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపిస్తాయి. నిజాం పాలన నాటి కచేరీ ఉర్దూ మాటలు మూడింటిలోనూ కలిసిపోయాయి. అక్కడి నుంచి ఈ కోర్సు చదివే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఒక బొత్తం మీది మాటను పరిశీలిద్దాం.

గ్నోమ్ తెలుగు తెరలో ఒక మెనూ పేరు 'దస్త్రం' అని ఉండేది. ఫైలుకు అది అనువాదం. చాలామంది దీన్ని సంస్కృత మాట అనుకుంటారు. వినడానికి 'శస్త్రం', 'వస్త్రం' లాగా ఉంది కదా. నిజానికి ఇది పారశీకం నుంచి హిందుస్తానీ మీదుగా వచ్చింది. బ్రౌన్ నిఘంటువులోనూ అన్యదేశ్యంగానే కనిపిస్తుంది. హైదరాబాదు రాజ్యపు రికార్డులను దాచిన దఫ్తర్-ఎ-దివానీ పేరులోని 'దఫ్తర్', పక్కనే మరాఠీలో బడిపిల్లల సంచికి వాడే 'దప్తర్' ఈ కుటుంబంలోనివే. కాగితాల కట్టను సూచించే మాట కంప్యూటరులోని ఫైలుకు చక్కగా అతికింది. కానీ 'ఫైలు' అనే మాట తెలియని రైతు ఎవరు? తహసీల్దారు కార్యాలయంలో 'నా ఫైలు ఎక్కడిదాకా వచ్చింది' అని అడిగేవారే అందరూ. దస్త్రం వాడాలా, ఫైలు వాడాలా అనే చర్చ తెలుగు బృందాల్లో పదే పదే వచ్చింది. ఇప్పటికీ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు వేర్వేరు మాటలు వాడుతున్నాయి.

నా అభిప్రాయం అడిగితే, ఏ మాట ఎంచుకున్నారన్నది రెండవ విషయం. ఎంచుకున్నది అన్ని ఫైళ్లలోనూ ఒకటే ఉండాలి. పదిమంది విద్యార్థులు ఒక శిబిరంలో పది ఫైళ్లు పంచుకుని, ఒకరు దస్త్రం, ఒకరు ఫైలు, ఇంకొకరు పత్రం అని రాస్తే, వాడేవాడికి మూడు వేర్వేరు వస్తువులు అనిపిస్తాయి. అందుకే పదకోశం ముందు, శిబిరం తరువాత. ఈ క్రమం తప్పితే శిబిరంలో ఒక రోజులో చేసిన పనిని సరిచేయడానికి సమీక్షకుడికి నెల పడుతుంది.

వ్యాకరణం తెచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. ఫ్రేమ్‌వర్కు రాసినవారి మనసులో ఆంగ్ల వాక్యం ఉంటుంది. 'పదింటిలో మూడవ దస్త్రం నకలవుతోంది' అనాలంటే తెలుగులో పది ముందు వస్తుంది, మూడు తరువాత వస్తుంది. ఆంగ్లంలో ఇది తిరగబడి ఉంటుంది. అంకెల స్థానాలను మార్చుకునే ఏర్పాటు గెట్‌టెక్స్ట్‌లో ఉంది గానీ కొత్తవారికి అది తెలియదు. విభక్తులది ఇంకో బాధ. ఖాళీలో యంత్రం ఏ పేరు నింపుతుందో ముందు తెలియదు. దానికి 'ను' తగిలిస్తే ఒకచోట సరిపోతుంది, మరొకచోట 'చిత్రంను' అనే వికృతరూపం వస్తుంది. అనుభవమున్న అనువాదకులు దీనికి ఒక ఉపాయం వాడతారు. పేరును కొటేషన్లలో ఉంచి, 'అనే దస్త్రాన్ని తొలగించాలా?' అని రాస్తారు. విభక్తి తమకు తెలిసిన మాటకే తగులుతుంది. చిన్నయసూరి సూత్రం ఏదీ ఈ అవసరాన్ని ఊహించి ఉండదు, కానీ భాష తెలిసినవారికి మాత్రమే ఈ దారి దొరుకుతుంది. మూలపాఠం రాసిన ప్రోగ్రామరుకు ఎన్నటికీ దొరకదు.

5.6 రెండు క్యాలెండర్లు

ఇప్పుడు మళ్లీ తేదీల దగ్గరికి వద్దాం. గ్నోమ్ విడుదలలు మార్చి, సెప్టెంబరు నెలల్లో. పాఠ్య స్తంభన సుమారుగా ఫిబ్రవరిలో, ఆగస్టులో. మన విద్యార్థులకు ఖాళీ దొరికేది మే, జూన్ నెలల్లో. అంటే వేసవి శిబిరం జరిగేనాటికి తెర మీది మాటలు ఇంకా మారుతూనే ఉంటాయి. మేలో చెమటోడ్చి చేసిన అనువాదంలో కొంత భాగం ఆగస్టు నాటికి ఫజీ అవుతుంది. ఆగస్టులో మాటలు నిలకడగా ఉన్నప్పుడు విద్యార్థులు తరగతుల్లో ఉంటారు. ఫిబ్రవరిలోనైతే పరీక్షల ఆలోచనలో ఉంటారు. తెలుగు అనువాదాల ఎగుడుదిగుళ్లకు కారణంగా భాషాభిమానం తగ్గిందని చెప్పేవారున్నారు. అభిమానాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు. రెండు క్యాలెండర్లు కలవకపోవడం మాత్రం గోడకు వేలాడుతూ కనిపిస్తూనే ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహాత్మకమైన లెక్క. రోజువారీ వాడే భాగాల్లో 3,000 వాక్యాలు అనువదించాలనుకోండి. కొత్తగా చేరినవారు గంటకు 25 వాక్యాలు చేయగలరనుకుందాం. మొత్తం 120 గంటలు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదువుకునే మీలాంటివారు వారానికి 4 గంటలు ఇవ్వగలిగితే 30 వారాలు పడుతుంది. విడుదల చక్రం 26 వారాలే. ఒక్కరితో కాదని వెంటనే తేలిపోయింది. ముగ్గురుంటే 10 వారాలు. ఇక్కడితో ఆగితే లెక్క తప్పు. సమీక్షకుడు గంటకు 100 వాక్యాలు సరిచూసినా 30 గంటలు కావాలి. ఆయన కూడా వారానికి 4 గంటలే ఇస్తే 7 వారాలు దాటుతుంది. ముగ్గురిని ఆరుగురిని చేస్తే అనువాదం 5 వారాల్లో అవుతుంది, సమీక్ష మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఆరుగురి శైలులు సరిచూడాలి కాబట్టి ఇంకా పెరగవచ్చు. ఇరుకు ఎక్కడుందో కనిపించింది కదా. స్వచ్ఛంద బృందాలు తరచూ కొత్త అనువాదకుల కోసం పిలుపునిస్తాయి. తక్కువగా ఉన్నది సమీక్షకులు. అనువాదకుణ్ణి ఒక్క రోజులో చేర్చుకోవచ్చు, సమీక్షకుడు తయారుకావడానికి రెండు మూడు విడుదలలు పడుతుంది. ఈలోగా అతనికి ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, ఊరు మారుతుంది. ఇవేవీ నేరాలు కావు, ప్రణాళికలో ముందే రాసుకోవలసిన విషయాలు.

దూరవిద్య విద్యార్థులకు ఇందులో ఒక అనుకూలత ఉందని నాకు అనిపిస్తుంది. కళాశాల విద్యార్థి వేసవిలో నెల రోజులు ఒక్కసారిగా ఇస్తాడు. మీరు ఏడాది పొడవునా వారానికి కొన్ని గంటల చొప్పున చదవడానికి అలవాటుపడ్డారు. పూడిక తీసే పనికి, అంటే ఫజీ అయిన పది పదిహేను వాక్యాలను ప్రతి వారం సరిచూసే పనికి, ఈ రెండవ అలవాటే కావాలి. డోంగ్లిలో ఉన్నా హైదరాబాదులో ఉన్నా ఆ పని ఒకే తీరుగా సాగుతుంది. పీవో ఫైలు చిన్నది, నెట్ ఉన్నప్పుడు దించుకుని, లేనప్పుడు పనిచేసి, మళ్లీ ఉన్నప్పుడు పంపవచ్చు.

ప్రాజెక్టు పని

మీరు, మీ అధ్యయన కేంద్రంలోని మరో ఇద్దరు కలిసి ఒక బృందం అనుకోండి. ఏదైనా ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము తెలుగు పీవో ఫైలును తీసుకుని, అందులో ఖాళీగా ఉన్నవి ఎన్ని, ఫజీ గుర్తు ఉన్నవి ఎన్ని విడివిడిగా లెక్కించండి. తలభాగంలోని పేర్లు, తేదీలు రాసుకుని, ఏ రెండు తేదీల మధ్య ఎక్కువ విరామం ఉందో గుర్తించండి. ఆ తరువాత 26 వారాల పట్టిక గీయండి. అందులో మీ పరీక్షలు, పండుగలు, ఊళ్లో నాట్లు, కోతలు ఉండే వారాలను ముందుగా కొట్టివేయండి. మిగిలిన వారాల్లో పదకోశానికి, అనువాదానికి, సమీక్షకు ఎన్నెన్ని గంటలు వస్తాయో వేయండి. మీ ముగ్గురిలో ఒకరు పదవ వారంలో మానేస్తే ఆ పట్టిక ఎలా మారుతుందో రెండవ పట్టికగా గీసి, రెండింటినీ మీ కౌన్సెలర్‌కు చూపించండి.